వాకిలి పట్టని సోఫా

రెండు వేల ఇరవై నాలుగో సంవత్సరం జూన్ తొమ్మిదో తేదీ, ఆదివారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మార్కాపురంలోని మా ఇంటి ముందు గదిలో ఒక కుట్టుమిషను దించారు. దాన్ని అక్కడ ఉంచాలని ఎవరూ అనుకోలేదు. నడవలోంచి వీధిలోని ఆటో దాకా మోసుకుపోతూ, చేతులు నొప్పి పుట్టి, ఒక్క నిమిషం ఊపిరి తీసుకోవడానికి దించారు. ఆ సంగతి నాకు మళ్ళీ గుర్తు రావడానికి కారణం మా కళాశాలలో కొత్తగా చేరిన ఒక యువ అధ్యాపకుడు. ఇల్లు కట్టుకుంటున్నానని, ప్లాను చూసి సలహా చెప్పమని మొన్న నా బల్ల మీద కాగితం పరిచాడు. వంటగది అగ్గిపెట్టెంత ఉంది. పడకగదుల్లో మంచం వేస్తే మనిషి ఒరుసుకుని నడవాలి. ఇంట్లో వెలుతురు, గాలి, వైశాల్యం అన్నీ కలిపి ముందున్న హాలుకు ఇచ్చేశారు. "ఇందులో ఎవరు కూర్చుంటారు?" అని అడిగాను. "ఎవరైనా వస్తే, సార్" అన్నాడు వినయంగా. నాకు నవ్వు వచ్చింది. అతడు నొచ్చుకోకూడదని నవ్వు ఆపుకుని, ఒక టీ తెప్పించి, మా ముందు గది కథ చెప్పాను. అప్పుడు క్లుప్తంగా చెప్పినదాన్ని ఇక్కడ కొంచెం తీరిగ్గా చెబుతున్నాను.

మా వంశంలో డిగ్రీ పట్టా పుచ్చుకున్న మొదటివాడిని నేను. మా నాయన తర్లుపాడు పక్క పల్లెలో గొర్రెలు కాసినవాడు. అమ్మ బడిపిల్లల పలకలు చేసే షెడ్డులో రాతిని నున్నగా రుద్ది, చట్రానికి సిద్ధం చేసే పని చేసింది. నాకు ఉద్యోగం వచ్చిన కొన్నేళ్లకు నాయన మందలో సగం అమ్మి మార్కాపురంలో స్థలం కొన్నాడు. మిగిలిన ఇంటి భారం నా జీతం మోసింది. ఇల్లు ఎలా ఉండాలన్న విషయంలో నాయనకు ఒకే ఒక కోరిక ఉండేది: వాకిట్లో తాను కూర్చోవడానికి ఒక రాతి అరుగు. అమ్మ కోరిక దానికంటే చాలా పెద్దది. చదువుకున్నవాడి ఇంటికి చదువుకున్నవాళ్ళు వస్తారని, వాళ్ళను కూర్చోబెట్టడానికి ఒక గది ఉండాలని ఆమె నమ్మింది. ఆ విధంగా ఇంట్లోకెల్లా పెద్దదీ, తూర్పు కిటికీ ఉన్నదీ అయిన ముందు గది, ఇంకా రాని మనుషుల పేర నిలిచిపోయింది.

ఆ గదిలో ఏమేమి ఉండేవో ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు చెప్పగలను, ఎందుకంటే వాటిలో ఏ ఒక్కటీ ఎప్పుడూ చోటు మారలేదు. గోడకు నేను నల్లగౌను వేసుకుని దిగిన పట్టా ఫొటో. ఆ గౌను స్టూడియో వాళ్ళదే, భుజాల దగ్గర నాలాంటివాళ్ళు ఇద్దరికి సరిపోయేది. అద్దాల బీరువాలో గాజు గ్లాసులు, ఒక ప్లాస్టిక్ పూలగుత్తి, తిరుపతి నుంచి తెచ్చిన చెక్క బొమ్మలు. కిటికీకి మెరూన్ రంగు పరదా, ఎండకు సోఫా వెలిసిపోకుండా ఎప్పుడూ మూసే ఉండేది. తలుపు తీస్తే వార్నీషు వాసన, కలరా ఉండల వాసన కలిసి ముక్కుకు తగిలేవి. నా భార్య రోజూ ఊడ్చేది, శుక్రవారం కడిగేది, అంతటితో ఆ గదిలో మనుషుల పని ముగిసేది. ఎవరి గౌరవం కోసం ఆ గది ఉన్నదో ఆ నేను, పరీక్ష పేపర్లు వెనక గదిలో మంచం మీద బోర్లా పడుకుని దిద్దేవాణ్ణి.

అన్నిటికంటే ముఖ్యమైనది సోఫా. దాని పుట్టుక ఒక విశేషం. బజారులో కొన్నది కాదు. మా అమ్మ అన్నా అని పిలిచే వడ్రంగి ఒకాయన, గదిలోనే కూర్చుని, గది మూలకు సరిపోయేలా రెండు గోడల వెంట తిరిగే సోఫాను టేకుతో చేశాడు. గదిలోనే ఎందుకు చేయించిందంటే దిష్టి. వాకిట్లో చేస్తే దారిన పోయేవాళ్ళంతా నిలబడి చూస్తారని, అంత చెక్క మీద అన్ని కళ్ళు పడటం మంచిది కాదని అమ్మ భయం. టేకు దుంగలను కూడా నాయన గొంగళ్ళు కప్పి లోపలికి తెప్పించింది. వడ్రంగి పెద్దాయన మేకు కొట్టకుండా చెక్కలో చెక్క దిగగొట్టి, జిగురు పోసి, వీపు మీద రెండు నెమళ్ళు చెక్కి, పని సగంలో ఉండగా ఒక మాట అన్నాడట: "అక్కా, ఇది మళ్ళా వాకిలి పట్టదు. జూసుకో." దానికి అమ్మ ఇచ్చిన జవాబు మా ఇంట్లో చాలాకాలం చెప్పుకున్నాం. "బయటికి ఎందుకు పోతాది అన్నా? ఈ ఇంట్లోంచి ఏదీ బయటికి పోదు."

అతిథులు రాలేదా అంటే, ఒకసారి వచ్చారు. మా ప్రిన్సిపాలుగారు ఒక సాయంత్రం దారిలో ఆగి మా ఇంటికి వచ్చారు. అమ్మ పరుగున వెళ్ళి ముందు గది తలుపు తెరిచింది, లైటు వేసింది, సోఫా మీది ప్లాస్టిక్ కవరును కొంగుతో తుడిచింది. ఆయన మాత్రం చెప్పులు విడుస్తూ అరుగు మీద నాయనను చూశారు. అక్కడ గాలి బాగుందని నాయన పక్కనే కూర్చున్నారు, గొర్రెలకు వచ్చే రోగాల గురించి అరగంట మాట్లాడారు, మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. "సారు లోపలికే రాలా" అని అమ్మ చాలా రోజులు బాధపడింది. నాయన మీద కొంత కోపం కూడా చూపింది, అరుగు మీద కూర్చుని అతిథిని దారిలోనే పట్టుకున్నందుకు.

ఇక కుట్టుమిషను సంగతి. అది నా మరదలిది, అంటే మాతోనే ఉండే నా తమ్ముడి భార్యది. ఆమె అమ్మకు సొంత అన్న కూతురు కూడా. పుట్టినప్పటి నుంచి అమ్మ చంకలో పెరిగిన మేనకోడలే కోడలై వచ్చింది. పెళ్ళయిన కొత్తలో సరదాగా మొదలుపెట్టిన కుట్టుపని నాలుగు వీధులకూ పాకింది. అయితే ఆమెకు దొరికిన చోటు వంటింటికీ వెనక గదికీ నడుమ ఉన్న నడవ. కిటికీ లేదు. పగలు కూడా ట్యూబులైటు వెలగాలి. కరెంటు పోతే పని ఆగాలి. కొలతలకు వచ్చిన ఆడవాళ్ళు వంటింట్లో నిలబడేవారు. సాయంత్రమయ్యేసరికి మరదలు కళ్ళు నులుముకుంటూ, నుదుటికి అమృతాంజనం రాసుకుని కూర్చునేది. ముందు గదిలో కుట్టుకోమని నేను రెండుసార్లు అన్నాను. "ఆ గది నీదిరా పెద్దోడా. దాంట్లో కత్తిరింపు ముక్కలు పడేసేది ఏంది?" అన్నది అమ్మ. మరదలిని అడిగితే, "వద్దు బావా. అత్తకు మనసు ఒప్పకుండా నేను ఆడ కూర్చోలేను" అన్నది. ఇద్దరి మాటా నన్ను గౌరవించేదే కావడం వల్ల నాకు వాదించడానికి ఏమీ మిగల్లేదు.

చివరకు తమ్ముడు బజారు వీధిలో ఒక గది అద్దెకు మాట్లాడాడు. ముందు దుకాణం, వెనక ఇద్దరు మనుషులు ఉండేంత చోటు. దుకాణం వేరైతే కాపురం కూడా వేరవుతుందని అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట పైకి అనలేదు. అమ్మ పొమ్మని అనలేదు, ఉండమనీ అనలేదు. ఆ వారమంతా మరదలికి ఇష్టమైన కూరలే వండింది. ఒకరోజు ఉలవచారు, మరునాడు గోంగూర, ఆ మరునాడు పచ్చిచింతకాయ పచ్చడి. మరదలు ప్రతి పూటా కొంచెం ఎక్కువే తిన్నది. వాళ్ళిద్దరి మధ్య సంభాషణ అంతా కంచంలోనే జరిగింది.

ఆదివారం ఉదయం ఆటో వచ్చింది. ఆ మిషను కాలితో తొక్కేది, ఇనుప చట్రం ఉన్నది, బరువైనది. వెనక సందులోకి ఆటో రాదు కాబట్టి ముందు గదిలోంచే పోవాలి. తమ్ముడు, ఆటో అతను చెరొకవైపు పట్టుకున్నారు. "ఏందన్నా ఇది, కుట్టుమిషనా, రైలింజనా?" అన్నాడు ఆటో అతను. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మ, "సోఫాకు తగలనీబాకండి" అన్నది. ఆ వారంలో వాళ్ళ ప్రయాణం గురించి ఆమె అన్న మొదటి మాట అదే. "నీ సోఫాకేం కాదులేమ్మా, నా నడుము సంగతి చూడు" అంటూ తమ్ముడు గది మధ్యలో, కిటికీకి ఎదురుగా, మిషను దించేశాడు.

సరిగ్గా అప్పుడు వీధి వాకిట్లోంచి ఒక ఆమె లోపలికి వచ్చింది. స్టేషను వైపు నుంచి బట్టలు కుట్టించుకోవడానికి వచ్చే మనిషి. "ఏమ్మే, దుకాణం ఎత్తేస్తుండావా? నా జాకెట్టు సంగతేంది? మధ్యాన్నం రైలుకి కురిచేడు పోవాల. మా చెల్లెలి నిశ్చితార్థానికి చేతులకు అంచు లేకుండా పొమ్మంటావా?" అన్నది ఒకే ఊపిరిలో. మరదలు ఒకసారి అమ్మ వైపు చూసి, "ఐదు నిమిషాల్లో ఇస్తా వదినా. ఈడనే కూర్చో" అన్నది. ఆమె మరొకరి అనుమతి కోసం చూడకుండా సోఫా మీద కూర్చున్నది. ప్లాస్టిక్ కవరు కిరకిరలాడింది. మాకు తెలిసి ఆ సోఫా మీద నిజంగా కూర్చున్న మొదటి అతిథి ఆమె. కూర్చుని అటూఇటూ చూసి, "అబ్బ, ఊపిరాడటంల్యా. ఇంత కిటికీ పెట్టుకుని గుడ్డ కప్పినారేంది?" అని చెయ్యి చాపి పరదా పక్కకు లాగేసింది.

జూన్ ఎండ గది నిండా పడింది. మరదలు వంటింట్లోంచి పీట లాంటి స్టూలు తెచ్చుకుని మిషను ముందు కూర్చుని, దారం కొస తడిపి, సూదిలో ఎక్కించింది. ఇదంతా గమనిస్తున్న అమ్మ గుమ్మం వదిలి రెండడుగులు ముందుకు వచ్చింది.

"ఒక్క తూరికే ఎక్కిచ్చినావే?"

"ఈడ కనపడతాది గదత్తా."

"నడవలో కనపడదా?"

"ఆడ దారం కనపడితే బెజ్జం కనపడదు, బెజ్జం కనపడితే దారం కనపడదు. నాలుగైదు తూర్లు పొడిచి ఎక్కిస్తా. అలవాటైపోయిందిలే."

"నాకెందుకు చెప్పలా?"

"చెప్తే ఏం జేస్తావత్తా, గోడ పగలగొడతావా?" అని మరదలు నవ్వి, మిషను తొక్కడం మొదలుపెట్టింది.

అమ్మ నవ్వలేదు. ఆమె నేల మీద, మిషను పక్కనే కూర్చున్నది. జాకెట్టు చేతికి అంచు వేయడం పూర్తయ్యేదాకా సూది కదలికనే చూసింది. ఆ తరువాత, ఎవరితో చెబుతున్నదీ తెలియకుండా, పలకల షెడ్డు సంగతి చెప్పింది. ఆ షెడ్డుకు ఒకటే వాకిలి. లోపల కూర్చుంటే రాతిలో సన్నటి చీలిక కనపడదు. చీలికను చూడకుండా రుద్దిన పలక చట్రం వేసేటప్పుడు పగిలిపోతుంది, పగిలినదానికి కూలి రాదు. "అందుకని కోడి కూయకముందే లేచి, సంగటి చేసి పెట్టి, అందరికంటే ముందు పోయి వాకిలి కాడ చోటు పట్టుకునేదాన్ని. ఒకనాడు నీకు జరమొచ్చి ఆలస్యమైతే" అని నా వైపు చూసింది, "ఆ చోటు వేరేదానికి పోయింది. ఆ దినమంతా చీకట్లో కూర్చుని ఏడ్చినా." ఇన్నేళ్ళలో ఆ సంగతి నేను వినడం అదే మొదటిసారి. నా చదువు ఆ వాకిలి దగ్గరి వెలుతురులోంచి వచ్చిందని నాకు ఎవరూ అంత స్పష్టంగా చెప్పలేదు.

తరువాత అమ్మ లేచి కొంగు దులుపుకుని, తమ్ముడితో, "ఆటోని పొమ్మను" అన్నది.

"అద్దె గది మాట్లాడినాం గదమ్మా."

"మాట్లాడినోడికి మళ్ళా మాట్లాడటం రాదా? పో, పోయి చెప్పు."

మరదలు స్టూలు మీది నుంచి లేచింది. "వద్దత్తా. ఇది బావ గది" అన్నది. అమ్మ నన్ను చూపించి, "మీ బావ ఈ గదిలో ఎప్పుడన్నా కూర్చున్నాడేమో అడుగు" అన్నది. నేను కూర్చోలేదని ఒప్పుకున్నాను. నా భార్య మెల్లగా, "నేను కూడా తుడవడానికే వచ్చినా అత్తమ్మా" అన్నది. కురిచేడు ఆమె జాకెట్టు చంకన పెట్టుకుని, ఈ ఇంట్లో మనుషులు ఎక్కడ కూర్చుంటారో తెలియక విస్తుపోతూ, రైలుకు వెళ్ళిపోయింది.

గదిని మార్చాలంటే సోఫా కదలాలి. కిటికీ కింద గోడంతా దానిదే, వెలుతురంతా దాని వీపు మీదే పడుతుంది. తమ్ముడు, నేను, ఇంకా వెళ్ళని ఆటో అతను, ఎదురింటాయన కలిసి దాన్ని వాకిలి దాకా లాక్కువచ్చాం. అడ్డంగా పెట్టాం, నిలువుగా ఎత్తాం, తలకిందులు చేశాం. ప్రతిసారీ ఒక చివర వీధిలోకి తొంగి చూసి, రెండో చివర ద్వారబంధానికి తట్టుకుని నిలిచిపోయింది. అరుగు మీది నుంచి నాయన ఇదంతా చూస్తూ, "పొట్టేలు దడిలో తలపెట్టినట్టు ఉండాది" అన్నాడు. వడ్రంగి పెద్దాయనను పిలిపించాం. భోజనాల వేళకు రంపం సంచితో వచ్చాడు. సోఫా చుట్టూ ఒకసారి తిరిగాడు, నెమళ్ళను చేత్తో తడిమాడు.

"ఊడదీసేదానికి కుదరదక్కా. కోయాల్సిందే. నా చేత్తో చేసింది నా చేత్తోనే కోయమంటావా?"

"నీ చేత్తోనే గదా వాకిలి పట్టకుండా చేసినావు" అన్నది అమ్మ.

"నేను ఆ దినమే చెప్పినా."

"చెప్పినావులే. నేనే ఇనలేదు."

చెప్పి, ఆమె కూడా నెమళ్ళ మీద చెయ్యి వేసింది. కోయడం అనే మాట వేరు, రంపం కళ్ళముందు ఉండటం వేరు. సోఫాను గది మధ్యలో ఉంచి మిషనును మరో మూలకు జరపవచ్చేమో అని తమ్ముడు అన్నాడు. ఆ మూలకు వెలుతురు రాదని అందరికీ కనిపిస్తూనే ఉంది. మరదలు స్టూలును ఎత్తి చేతిలో పట్టుకుని, అవసరమైతే నడవలోకి తీసుకుపోవడానికి సిద్ధంగా నిలబడింది. అప్పుడు నాయన లేచి లోపలికి వచ్చాడు. ఆయన ఆ గదిలోకి రావడం మేము అరుదుగా చూశాం. కాళ్ళకు మట్టి ఉందేమోనని గడప దగ్గరే ఆగేవాడు.

"చేలో మంద కట్టేటప్పుడు దడులు దినమూ జరపాల" అన్నాడు, గొర్రెలను రాత్రుళ్ళు రైతు పొలంలో నిలిపి ఉంచే పద్ధతిని గుర్తు చేస్తూ. "జరపకపోతే ఒక్కచోటనే ఎరువు పడతాది. మంద పడని చోట పైరు పాలిపోయి ఉంటాది. కోతకాలంలో దూరం నుంచే తెలిసిపోతాది, ఇదిగో, ఈ ముక్కలో గొర్రెలు పండుకోలేదు అని. రైతు మనల్నే తిడతాడు. ఈ గదిలో ఇంతవరకూ మంద పడలా. దడి జరుపు."

చెప్పి, ఆయన మళ్ళీ అరుగు మీదికి వెళ్ళిపోయాడు. అమ్మ సోఫా మీది ప్లాస్టిక్ కవరును తానే లాగి, మడత పెట్టి పక్కన ఉంచింది. కవరు లేకుండా దాని నిజమైన రంగును మాలో చాలామందిమి అప్పుడే చూశాం. తేనె రంగు.

"కోయన్నా" అన్నది.

చెక్క ఊగకుండా ఎవరైనా అవతలి చివర పట్టుకోవాలని వడ్రంగి అన్నాడు. తమ్ముడు ముందుకు రాబోతే అమ్మ పక్కకు నెట్టి తానే రెండు చేతులతో పట్టుకున్నది. రంపం దిగుతున్నంతసేపూ ఆమె ముఖం తిప్పుకోలేదు. పొట్టు చీర మీద పడుతుంటే దులుపుకోలేదు. మరదలు పక్కకు వచ్చి ఆమె చేతుల పక్కనే తన చేతులు ఆనించింది. ఇద్దరూ కలిసి ఆ చివరను నేల మీదికి దించారు.

రెండు వారాల్లో గది రూపు మారింది. సోఫా పొడవాటి భాగం గుడ్డ పరిచి కత్తిరించే బల్ల అయింది, పొట్టి భాగం వచ్చినవాళ్ళు కూర్చునే బెంచీ అయింది. నెమళ్ళలో ఒకటి బెంచీ వీపు మీద నిలిచింది, రెండోది రంపానికి పోయింది. మెత్తలు నాయన అరుగు మీదికి చేరాయి. అద్దాల బీరువాలో గ్లాసుల స్థానంలో రంగురంగుల దారపు ఉండలు వరుసగా కూర్చున్నాయి. నా పట్టా ఫొటోను వెనక గదికి మార్చుదామంటే అమ్మ ఒప్పుకోలేదు. అందుచేత కొలతలకు వచ్చే ప్రతి ఆమె దాన్ని చూసి ఎవరని అడగడం, "మా బావ" అని మరదలు చెప్పడం, "ఆ గౌను మీరు కుట్టిందేనా? భుజాలు జారిపోయినాయే" అని వాళ్ళు అనడం నేను వెనక గదిలోంచి వింటూ ఉంటాను. అధ్యాపకులు, అధికారులు వస్తారని అమ్మ ఎదురుచూసిన గదికి తర్లుపాడు నుంచి, దొనకొండ నుంచి ఆడవాళ్ళు బస్సు దిగి వస్తున్నారు. అమ్మ అందరికీ మంచినీళ్ళు ఇస్తుంది. ఎవరినీ నిలబడనివ్వదు.

ఈ కథ విని మా యువ అధ్యాపకుడు తన ప్లాను మడత పెట్టుకుని, ఇంట్లో అడిగి వస్తానని వెళ్ళాడు. ఎవరిని అడుగుతాడో నేను అడగలేదు.

ఆ ఆదివారం తరువాత మారినది ఇది: తమ్ముడు, మరదలు ఇల్లు వదిలి వెళ్ళలేదు. మా ఇంట్లో పొయ్యి ఒకటిగానే ఉంది. అమ్మ ఉదయం వంట ముగించుకుని వచ్చి, కిటికీ కింద మరదలి పక్కన చాప వేసుకుని, జాకెట్లకు హుక్కులు కుడుతుంది. రాతిని రుద్ది మొద్దుబారిన ఆ వేళ్ళు ఇంకెంత కాలం సూది పట్టగలవో మాకు తెలియదు. పట్టగలిగినంత కాలం ఆమె వెలుతురులో కూర్చుంటుంది.